మహా మాంద్యంలో అమెరికా కళాకారులకు అన్నం పెట్టినదేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న మీతో మిత్రులు "కష్టకాలంలోనే గొప్ప సాహిత్యం పుడుతుంది, 1930ల అమెరికాను చూడు, రాయడానికి ఇదే సమయం" అని ధైర్యం చెప్పారు. ఆ మాటలో నిజమెంత, ఆ కాలం గురించి ఏది ముందుగా చదవాలి అని మీరు అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా అమెరికన్ సాహిత్యం పాఠం చెప్పినవాడిని, ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గ్రంథాలయంలో కూర్చుని ఆ దశాబ్దపు పుస్తకాలు చదువుకున్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను. మీ మిత్రులు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ దశాబ్దాన్ని దగ్గరగా చూసినవారెవరూ ఆ మాటను ఒప్పుకోలేరు. ఆకలి అప్పటి కళాకారులకు వస్తువును ఇచ్చింది. ఆ వస్తువును బొమ్మగా, కథగా, నాటకంగా మలచడానికి కావలసిన వ్యవధిని మాత్రం వారం వారం చేతికొచ్చిన జీతం ఇచ్చింది. ఆ జీతం అందనివారిలో చాలామంది మనకు మిగలలేదు.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. 1933 నాటికి ఆ దేశంలో పనిచేయగలిగినవారిలో నలుగురికొకరు చొప్పున నిరుద్యోగులయ్యారు. ఇల్లు గడవడం కష్టమైనప్పుడు ఏ కుటుంబమైనా మొదట కొట్టివేసే పద్దులు పుస్తకం, బొమ్మ, నాటకం టికెట్టు, పిల్లల సంగీతం మాస్టారి జీతం. ఆ నాలుగేళ్ళలో అమెరికాలో అచ్చయిన పుస్తకాల ప్రతులు సుమారు సగానికి పడిపోయాయి. వాద్యకారులపై అంతకుముందే మరొక దెబ్బ పడింది. 1927 తరువాత మాటలొచ్చిన సినిమాలు మూకీల కాలంలో ప్రతి థియేటరులోనూ కూర్చుని వాయించిన బృందాలను వీధిన పడేశాయి. మాంద్యం మొదటి ఏళ్ళలో మంచి రచనలు అసలే రాలేదని నేననను. నవలాకారుడు ఫాక్నర్ తన గొప్ప నవలల్లో కొన్నింటిని ఆ ఏళ్ళలోనే రాశాడు. అయితే అంతటివాడు కూడా 1932లో హాలీవుడ్‌కు వెళ్ళి సినిమా స్క్రిప్టులు రాసి ఇంటికి డబ్బు పంపుకోవలసి వచ్చింది. అప్పటికింకా పేరు లేనివాళ్ళకు ఆ దారి కూడా లేదు. కష్టమే కళకు ఎరువైతే 1930 నుంచి 1933 వరకు, అంటే కష్టం పెరుగుతూ సాయం లేని ఆ ఏళ్ళలో, పంట బ్రహ్మాండంగా పండి ఉండాలి. అసలు పంట ఆ తరువాత వచ్చింది.

1933 మే నెలలో జార్జ్ బిడిల్ అనే చిత్రకారుడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవారు. మెక్సికోలో ప్రభుత్వం చిత్రకారులకు కుళాయిల పనివాడికిచ్చేంత కూలి ఇచ్చి సర్కారు గోడల మీద బొమ్మలు వేయించిందనీ, దానివల్ల ఆ దేశంలో గొప్ప కుడ్యచిత్ర కళ పుట్టిందనీ, ఇక్కడి యువ చిత్రకారులు కూడా అలాంటి అవకాశం కోసం ఎదురుచూస్తున్నారనీ ఆ ఉత్తరం సారాంశం. ఆ ఏడాది డిసెంబరులో తాత్కాలికంగా ఒక పథకం మొదలై, ఆరేడు నెలల్లో 3,700 మందికి పైగా కళాకారులకు పని ఇచ్చి, 15,000కు పైగా కళాఖండాలు చేయించింది. పెద్ద పథకం 1935లో వచ్చింది. దేశమంతటా నిరుద్యోగులకు రోడ్లు, వంతెనలు, బడుల పని కల్పించడానికి ఏర్పడిన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్‌లో చిత్రకళకు, సంగీతానికి, నాటకానికి, రచనకు నాలుగు ప్రాజెక్టులు చేర్చారు. ఆ ఏడాది ఉపాధి పనుల కోసం అమెరికన్ కాంగ్రెస్ మంజూరు చేసిన సొమ్ము 480 కోట్ల డాలర్లకు పైమాటే. అందులో ఈ నాలుగింటికీ కలిపి మొదట కేటాయించినది 2 కోట్ల 70 లక్షలు, అంటే నూటికి ఒకటి కూడా కాదు. దానికే విమర్శలు వచ్చాయి. కళాకారులకు ప్రభుత్వం కూలి ఇవ్వడమేమిటని అడిగినవారికి, పథకాన్ని నడిపిన హ్యారీ హాప్కిన్స్ ఇచ్చిన జవాబు చాలా చిన్నది: అందరిలాగే వాళ్ళూ తినాలి కదా అన్నాడు. కళ గొప్పతనం గురించి ఆయన ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఈ పథకం బలమంతా ఆ జవాబులోనే ఉందని నా అభిప్రాయం.

న్యూయార్క్‌లో చిత్రకారుడికి వారానికి 23 డాలర్ల పైచిలుకు ముట్టేది. ఆ డబ్బుతో అద్దె, రొట్టె, రంగులు గడిచేవి. అంతకు మించి మిగిలేది కాదు. కొన్ని వారాలకొక చిత్రం అప్పగించాలి. పనిలో చేరాలంటే ముందు సహాయ కార్యాలయానికి వెళ్ళి, తమ దగ్గర ఏమీ లేదని రుజువు చేసుకోవాలి. అది అవమానకరంగా ఉండేదని చాలామంది తరువాత చెప్పుకున్నారు. ఒక కుటుంబంలో ఒకరికే పని అన్న నియమం పెళ్ళయిన స్త్రీలకు అడ్డొచ్చింది. అమెరికా పౌరసత్వం లేనివారిని 1937లో తీసివేశారు. అలా బయటికి రావలసి వచ్చినవారిలో హాలెండు నుంచి వలస వచ్చిన చిత్రకారుడు విలెం డి కూనింగ్ ఒకడు. ఆయన అందులో ఉన్నది ఏడాది మాత్రమే. ఆ ఏడాది గురించి ఆయన తరువాత చెప్పిన మాట మీకు ఇక్కడ అవసరం. అంతకుముందు తాను చిల్లర పనులు చేస్తూ తీరిక దొరికినప్పుడు బొమ్మలు వేసేవాడిననీ, ఆ తరువాత బొమ్మలు వేస్తూ తీరిక దొరికినప్పుడు చిల్లర పనులు చేశాననీ ఆయన అన్నాడు. మనిషి తనను తాను ఎవరనుకుంటున్నాడో అది అక్కడ మారింది. ఆ మార్పుకు పట్టినది ఒక ఏడాది జీతం.

అదే సమయంలో ట్రెజరీ శాఖలో మరొక విభాగం వేరే పద్ధతిలో నడిచింది. అది పేదరికం చూడలేదు, పోటీలు పెట్టింది. గెలిచినవారికి కొత్త పోస్టాఫీసు గోడల మీద బొమ్మలు వేసే పని అప్పగించి, భవనం ఖర్చులో సుమారు ఒక శాతం దానికి కేటాయించింది. దేశంలో వెయ్యికి పైగా కుడ్యచిత్రాలు అలా వచ్చాయి. వాటిలో చూడముచ్చటైనవి ఉన్నాయి, ఊరివాళ్ళు ఇప్పటికీ గర్వంగా చూపించుకుంటారు. అయితే వాటిని వేసినవారిలో ఎక్కువమంది పేర్లు నేడు ఎవరికీ గుర్తులేవు. అవసరాన్ని బట్టి పని ఇచ్చిన పథకంలో మాత్రం తరువాత ప్రపంచ ప్రసిద్ధులైన చిత్రకారులు జాక్సన్ పొలాక్, లీ క్రాస్నర్, మార్క్ రోత్కో, ఆర్షీల్ గోర్కీ ఉన్నారు. వీరు పోటీల్లో గెలవగలిగినవారు కారని అనడం నా ఉద్దేశం కాదు. 1936లో వీళ్ళను చూసి, రేపు వీళ్ళు ఇంతటివారవుతారని చెప్పగలిగిన న్యాయనిర్ణేత ఎవరూ లేరు. వాళ్ళు అప్పటికింకా తడుముకుంటున్నారు. ప్రతిభను ముందుగా గుర్తుపట్టి దానికి మాత్రమే సాయం చేద్దామనుకునే పద్ధతి ఎప్పుడూ నిన్నటి ప్రతిభనే గుర్తుపడుతుంది. అవసరం చూసి ఇచ్చిన కూలి తడుముకునేవాడికి ఇంకొంత కాలం తడుముకునే వీలు కల్పించింది. ఆ పథకంలో తయారైన బొమ్మల్లో చాలా భాగం సాదాసీదావే. నూరు మొక్కలకు నీళ్ళు పోస్తేనే ఆ పది చెట్లు బతికాయి.

జేకబ్ లారెన్స్ సంగతి చూడండి. న్యూయార్క్‌లోని హార్లెంలో పేద నల్లజాతి కుటుంబంలో పెరిగిన ఆయన సర్కారు డబ్బుతో నడిచిన ఉచిత చిత్రకళా తరగతుల్లోనే బొమ్మలు నేర్చుకున్నాడు. శిల్పి ఆగస్టా సావేజ్ ఆయనను వెంటబెట్టుకుని ప్రాజెక్టులో చేర్పించడానికి వెళితే, వయసు చాలదని తిప్పి పంపారు. ఆ కుర్రవాడు సంగతి మరిచిపోయినా ఆమె మరిచిపోలేదు. 21 ఏళ్ళు నిండగానే మళ్ళీ తీసుకెళ్ళి చేర్పించింది. పద్దెనిమిది నెలలు ఆయన జీతం తీసుకుంటూ బొమ్మలు వేశాడు. ఆ తరువాత ఒక ఫౌండేషన్ ఇచ్చిన ఫెలోషిప్‌తో 1940, 1941లలో దక్షిణాది నల్లజాతి ప్రజలు ఉత్తరాదికి వలస వచ్చిన కథను అరవై చిత్రాల్లో వేశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. పేదరికం ఆయనకు తెలిసిన కథ. ఉచిత బడి, పట్టు విడవని ఒక పెద్దదిక్కు, పద్దెనిమిది నెలల కూలి, ఫెలోషిప్ — ఇవి లేకపోతే ఆ కథ ఆయన లోపలే ఉండిపోయేది.

రచయితల ప్రాజెక్టు గురించి మీరు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఒకే సమయంలో ఆరు వేలకు పైగా మంది అందులో పనిచేశారు. వాళ్ళలో కవులు, నవలాకారులు కొందరే. పని పోయిన పత్రికా విలేకరులు, ఉపాధ్యాయులు, లైబ్రరీ ఉద్యోగులు ఎక్కువమంది. కథలు రాయమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ప్రతి రాష్ట్రానికీ ఒక యాత్రా మార్గదర్శిని రాయమన్నారు: ఏ రోడ్డు ఎక్కడికి పోతుంది, దారిలో ఏ ఊరు వస్తుంది, ఆ ఊరి చరిత్ర ఏమిటి, అక్కడివారు ఏం పాడతారు, ఏం వండుకుంటారు. నలభై ఎనిమిది రాష్ట్రాలకూ అవి వచ్చాయి. ఆ పని చేస్తూనే నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ తన సొంత కథలు రాసుకున్నాడు. ఆ ప్రాజెక్టు రచయితల కోసం ఒక పత్రిక పెట్టిన పోటీలో 500 డాలర్ల బహుమతి గెలిచాడు. 1938లో ఆ కథలు పుస్తకంగా వచ్చాయి, 1940లో ఆయన నవల వచ్చి దేశాన్ని కుదిపింది. తరువాత పేరుపొందిన రచయితలు సాల్ బెల్లో, నెల్సన్ ఆల్గ్రెన్, మార్గరెట్ వాకర్, జోరా నీల్ హర్స్టన్ కూడా ఆ జీతం తీసుకున్నవారే.

ఆ ప్రాజెక్టు మిగిల్చిన ఆస్తుల్లో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఏ రచయితా రాసింది కాదు. 1936 నుంచి 1938 వరకు పదిహేడు రాష్ట్రాల్లో ఈ ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి, ఒకప్పుడు బానిసలుగా పుట్టి అప్పటికి చాలావరకు ఎనభై ఏళ్ళు దాటినవారిని కూర్చోబెట్టి, వాళ్ళ నోట వాళ్ళ జీవితం చెప్పించుకుని రాసుకున్నారు. 2,300కు పైగా కథనాలు అలా దక్కాయి. మరో పదేళ్ళు ఆగితే ఆ గొంతుల్లో చాలా వరకు ఉండేవి కావు. వాటిని చదివేటప్పుడు మాత్రం ఎంతో జాగ్రత్త కావాలి. ప్రశ్నలు వేసినవారిలో ఎక్కువమంది తెల్లవారు, కొన్నిచోట్ల ఒకప్పటి యజమానుల బంధువర్గంవారు. ముసలి మనిషి తన గడపలో నిలబడ్డ తెల్ల మనిషితో అంతా చెప్పేస్తాడని అనుకోలేం. పైగా అది కరువు కాలం. వచ్చినవాళ్ళు సర్కారు మనుషులు కనుక తమకు పింఛను ఇప్పిస్తారేమోనన్న ఆశ ఆ మాటల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ రోజుల్లో కడుపునిండా తిండైనా ఉండేదని ఒక వృద్ధురాలు అంటే, అది బానిసత్వాన్ని మెచ్చుకోవడమని అనుకోకండి, 1937లో ఆమె ఇంట పొయ్యి వెలగలేదని చదవండి. ఆర్థిక సంక్షోభం జ్ఞాపకాన్ని కూడా ఎలా వంచుతుందో అంత స్పష్టంగా చూపించే పత్రాలు నేను మరెక్కడా చూడలేదు.

నాటక విభాగం గురించి క్లుప్తంగా చెబుతాను. హాలీ ఫ్లానగన్ నడిపిన ఆ విభాగంలో పన్నెండు వేలకు పైగా మంది పనిచేశారు. అంతమంది నటులకు ఒకేసారి పని కల్పించాలన్న ఒత్తిడి నుంచే 'లివింగ్ న్యూస్‌పేపర్' అన్న రూపం బలపడింది. రైతుల గిట్టుబాటు ధర, పట్టణపు మురికివాడల ఇళ్ళు వంటి అప్పటి సమస్యను తీసుకుని, పెద్ద నాయక పాత్ర లేకుండా, పదుల కొద్దీ చిన్న చిన్న పాత్రలతో ఆ సమస్యను రంగస్థలం మీద విప్పి చూపించేవారు. 1936లో హార్లెంలో నల్లజాతి నటులతో ఆర్సన్ వెల్స్ వేయించిన షేక్స్‌పియర్ నాటకం మాక్బెత్ కూడా ఈ విభాగానిదే. ఇంత బాహాటంగా మాట్లాడే నాటకాన్ని రాజకీయాలు ఎక్కువకాలం భరించలేదు. కాంగ్రెస్ విచారణలో ఒక సభ్యుడు, పదహారో శతాబ్దపు నాటకకర్త మార్లో పేరు వినిపించినప్పుడు, ఆయన కమ్యూనిస్టా అని అడిగాడు. 1939 జూన్ 30తో ఆ విభాగం మూతపడింది.

ఆ దశాబ్దం అనగానే అందరికీ గుర్తొచ్చే ఫొటో ఒకటుంది: ఇద్దరు పిల్లలు చెరోవైపు భుజాల మీద మొహం దాచుకోగా, ఒడిలో పసిబిడ్డతో దూరంగా చూస్తున్న తల్లి. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, మంచుకు బఠాణీ చేను పాడై పని లేక ఆగిపోయిన కూలీల గుడారాల్లో డొరొథియా లాంగ్ తీసినది. లాంగ్ అప్పుడు ప్రభుత్వ సంస్థలో జీతం తీసుకునే ఫొటోగ్రాఫరు. ఫొటో పత్రికలో రాగానే ఆ గుడారాలకు టన్నుల కొద్దీ తిండి గింజలు పంపారు. అవి చేరేసరికి ఆ తల్లి పని వెతుక్కుంటూ పిల్లలతో వేరే చోటికి వెళ్ళిపోయింది. ఆ ఫొటో తపాలా బిళ్ళ మీదికీ, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. నాలుగు దశాబ్దాల తరువాత ఆమె ఎవరో బయటపడినప్పుడు, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది. ఆమె చెరొకీ ఆదివాసీ స్త్రీ అన్న సంగతి కూడా లోకానికి అప్పుడే తెలిసింది. కష్టం కళను పుట్టిస్తుందనేవారు ఎవరి కష్టమో, ఆ కళ ఎవరిదో విడివిడిగా చెప్పవలసి ఉంటుంది.

జీతం లేక, అవకాశం దాటిపోయి మిగిలిపోయినవారి సంగతికి వస్తాను. సనోరా బాబ్ అనే యువతి 1938లో కాలిఫోర్నియా వలస కూలీల శిబిరాల్లో స్వచ్ఛందంగా పనిచేస్తూ, అమెరికా మధ్య మైదానాల్లోని ధూళి తుపానుల నుంచి పారిపోయి వచ్చిన రైతు కుటుంబాల మాటలు రోజూ రాసుకునేది. ఆమె స్వయంగా ఆ మైదానాల్లో పుట్టి పెరిగిన పిల్ల. శిబిరం అధికారి టామ్ కాలిన్స్ ద్వారా ఆమె రాసుకున్న విషయాలు నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్‌కు చేరాయి. 1939 ఏప్రిల్‌లో ఆ వలస కూలీల మీద స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' వచ్చి ఏడాదిలో నాలుగు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. బాబ్ నవలను అంతకుముందే వేస్తామన్న న్యూయార్క్ ప్రచురణకర్త, ఇదే విషయం మీద ఇంకొక నవలను మార్కెట్ భరించలేదని వెనక్కి తగ్గాడు. ఆమె నవల 2004లో అచ్చయింది. అప్పటికి ఆమె వయసు తొంభై ఏడు. స్టైన్‌బెక్ గొప్పతనం దీనివల్ల తగ్గదు, ఆయన కూడా ఆ శిబిరాల్లో తిరిగినవాడే. కానీ ఆ రైతుల్ని లోపలి మనిషిగా చూసిన నవల అరవై అయిదేళ్ళు పెట్టెలో ఉండిపోయిందన్నది ఆ కాలపు చరిత్రలో భాగమే.

యుద్ధం వచ్చి పనులు దొరికాక పథకం 1943లో ముగిసింది. ముగిసిన తీరు చదివితే మనసు చివుక్కుమంటుంది. న్యూయార్క్ గిడ్డంగిలో మిగిలిన కాన్వాసుల్ని పౌనుకు నాలుగు సెంట్ల లెక్కన పాత గుడ్డ కింద అమ్మేశారు. గొట్టాలకు చుట్టడానికి పనికొస్తాయని కొన్నారు. విషయం తెలిసిన చిత్రకారులు కొందరు పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి తమ బొమ్మలు తామే కొనుక్కున్నారు.

మన దగ్గర ఆ పదేళ్ళు ఎలా గడిచాయో మీకు తెలిసే ఉంటుంది. మాంద్యం వల్ల ధాన్యం ధర కూలి కృష్ణా, గోదావరి డెల్టా రైతులు అప్పుల్లో మునిగారు. చదువుకున్న యువకులకు ఉద్యోగాలు లేవు. తెలుగు కవిత్వం దిశ మార్చిన శ్రీశ్రీ గీతాలు చాలా వరకు ఆ దశాబ్దంలో రాసినవే. కనుక కష్టం నుంచే అవి వచ్చాయని మన విమర్శకులు సులువుగా రాసేస్తారు. ఆ గీతాల పుస్తకం 'మహాప్రస్థానం' మొదటి పేజీ తెరవండి. అది కొంపెల్ల జనార్దనరావుకు అంకితం. 'ఉదయిని' పత్రిక నడిపిన ఆ మిత్రుడు 1937లో, నిండా ముప్పై ఏళ్ళ వయసులో చనిపోయాడు. చలం ముందుమాట 1940 నాటికే ఉన్నా పుస్తకం 1950 దాకా రాలేదు. ఇక్కడ జేకబ్ లారెన్స్‌ను చేయిపట్టుకుని తీసుకెళ్ళినట్టు ఎవరినైనా తీసుకెళ్ళి చేర్పించడానికి ఏ కార్యాలయమూ లేదు. ఆ దశాబ్దంలో మనకు దక్కిన కవిత్వాన్ని లెక్కపెట్టేవారు, కొంపెల్ల వంటివారి దగ్గర ఆగిపోయినదాన్ని కూడా ఆ లెక్కలో వేయాలి.

మీరు రాయవద్దని నేననడం లేదు. ముందు ఒక ఉద్యోగం చూసుకోండి. అది రాతకు దగ్గరగా ఉంటే మంచిది: అనువాదం, ప్రూఫులు, ఎవరిదైనా మౌఖిక చరిత్ర నమోదు, ఏదైనా సరే. దానిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చదవడం మాత్రం నల్లజాతి నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్‌తో మొదలుపెట్టండి. రచయితల ప్రాజెక్టు ఉద్యోగిగా ఆయన 1938లో హార్లెం వీధుల్లో జనం చెప్పిన కథలు రాసుకున్నాడు. వాటిలో ఒకటి తనను తాను అదృశ్యం చేసుకుని తెల్లవాళ్ళకు దొరక్కుండా తిరిగిన ఒక నల్లజాతి మనిషి గురించి ఒకాయన చెప్పినది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఆ కాగితాలు ఉచితంగా చదువుకోవచ్చు. అది చదివాక ఆయన 1952లో ప్రచురించిన 'ఇన్విజిబుల్ మ్యాన్' నవల తీయండి. ఆ రెంటికీ మధ్య పద్నాలుగేళ్ళు ఉన్నాయి. నవల రాసినన్నాళ్ళూ ఆ ఇంటిని నడిపింది చాలా వరకు ఆయన భార్య ఫానీ ఉద్యోగం. దానికి తోడు ఆయన అప్పుడప్పుడు ఫొటోలు తీసి, పాటలు వినే యంత్రాలకు యాంప్లిఫయర్లు బిగించి ఇచ్చి సంపాదించిన డబ్బు.